వీపు వెనక్కి – రాష్ట్రం ముందుకి

కాకినాడలో రాష్ట్ర దారు ఆసన సంస్థ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. దారు అంటే కర్ర, ఆసనం అంటే కుర్చీ. ఊళ్లోవాళ్లకి అంత సంస్కృతం రాదు కనుక దాన్ని కుర్చీల కంపెనీ అనేవారు. అందులో బడి బల్లలు, ఆఫీసు స్టూళ్లు, పడక కుర్చీలు తయారయ్యేవి. బల్లల్నీ స్టూళ్లనీ ప్రభుత్వమే కొనుక్కునేది. జనం తమంతట తాము వచ్చి కొనుక్కుపోయేవి పడక కుర్చీలు మాత్రమే.

ఆ కుర్చీ కొమ్మోజు భద్రాచారి చేతి పని. టేకు చట్రం, మందపాటి చారల గుడ్డ, పొడుగాటి చేతులు, వెనకాల మూడు గాళ్లు. మొదటి గాడిలో కర్ర బిగిస్తే పేపరు చదువుకోవచ్చు. రెండో గాడిలో బిగిస్తే పేపరు పట్టుకోవచ్చు. మూడో గాడిలో బిగిస్తే పేపరు మొహం మీద పడుతుంది. ముప్ఫై ఏళ్లలో ఆచారి ఆ మూడు గాళ్ల లెక్క వెంట్రుకవాసి కూడా మార్చలేదు. ఆయన కింద ముప్ఫై ఒక్కమంది వడ్రంగులు అదే కుర్చీ చేసి బతుకుతున్నారు.

ఆ సంస్థలో సుభాషిణి ప్రచార సహాయకురాలు. ప్రచార విభాగంలో ఆవిడ తప్ప మరో మనిషి లేరు. కాబట్టి ఆవిడ ఎవరికి సహాయం చేస్తోందన్నది పద్ధెనిమిదేళ్లుగా ఎవరూ తేల్చలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ఆ కుర్చీకి ఒక ప్రకటన రాసింది: "భోంచేశారా? ఇక వాలండి." బస్సుల వెనకాల, సినిమా హాళ్ల తెరల మీద అదే మాట. పెళ్లిళ్లలో పంక్తి లేచేటప్పుడు పెద్దవాళ్లు చేతులు కడుక్కుంటూ ఆ మాట అనుకుని నవ్వుకునేవారు. అన్నేళ్లపాటు సంస్థకి మరో ప్రకటన అవసరం రాలేదు.

ఇలా ఉండగా ప్రభుత్వం ఆ ఏడాదిని 'నిర్విరామ కృషి సంవత్సరం'గా ప్రకటించింది. ప్రభుత్వ ప్రకటనల్లో వాడకూడని పద్నాలుగు మాటలతో ఒక సర్క్యులర్ వచ్చింది. విశ్రాంతి, నిద్ర, కునుకు, తీరిక, హాయి, వాలుట, పడక ఇవన్నీ అందులో ఉన్నాయి. సర్క్యులర్‌తో పాటే నీలాద్రిరావుగారు మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చారు. అంతకుముందు ఆయన ఉప్పు వ్యవహారాలు చూసేవారు. వచ్చిన రోజునే సుభాషిణిని పిలిపించారు.

"ఈ పడక కుర్చీ అనే నామకరణం ఎవరు చేశారు?"

"జనం అండి."

"జనానికి ఆ అధికారం ఏ జీవో ద్వారా సంక్రమించింది?"

సుభాషిణి దగ్గర జీవో లేదు.

"చూడండమ్మా," అన్నారు నీలాద్రిరావుగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "రాష్ట్రం యావత్తూ నిర్విరామంగా కృషి చేస్తున్న ఈ చారిత్రక సందర్భంలో, మనం ప్రజాధనంతో ప్రజల్ని పడుకోబెడుతున్నాం. దీన్ని సమగ్ర దృక్పథంతో పరిశీలించాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. పదిహేను రోజుల్లో ఈ వస్తువు శ్రమకి ఏ విధంగా దోహదం చేస్తుందో నిరూపించండి. లేని పక్షంలో ఆ విభాగాన్ని మూసివేయడానికి సిఫార్సు చేస్తాను."

ముప్ఫై రెండు కుటుంబాల అన్నం తన కలం మీద ఆధారపడిందని తెలిసేసరికి సుభాషిణికి రెండు రోజులు అన్నం సయించలేదు. నీలాద్రిరావుగారు వేసిన నామకరణ సంఘం కూర్చుని, ఒక రిటైరైన సంస్కృత పండితుణ్ణి సంప్రదించి, పడక కుర్చీకి 'పశ్చాదవనత శ్రమాసనం' అని పేరు పెట్టింది. వెనక్కి వంగిన పనికుర్చీ అని దాని అర్థం. ఇక ప్రకటన మిగిలింది. పదమూడో రోజు సాయంత్రం, టీ తాగుతూ, సుభాషిణి ఒక చీటీ వెనకాల ఇలా రాసింది: "వీపు వెనక్కి – రాష్ట్రం ముందుకి."

ఆ మాటకి అర్థం ఏమిటో ఆవిడకీ తెలియదు. నీలాద్రిరావుగారు మాత్రం మూడుసార్లు చదివి లేచి నిలబడ్డారు. వారం తిరిగేసరికి జిల్లా అంతటా గోడల మీద ఆ మాటే ఉంది. విభాగం మూసే ఫైలు మూలకి పోయింది.

సుభాషిణి ఆనందం పట్టలేక వర్క్‌షాపుకి వెళ్లి చెప్పింది. ఆచారి చిత్రిక పట్టడం ఆపి, చీటీ దూరంగా పెట్టుకుని చదివాడు.

"మాట బాగుందండమ్మా. కానీ ఇందులో కుర్చీ ఏదండి?"

"కుర్చీ కనపడకూడదనే కదండీ ఆచారిగారూ ఇంత అవస్థ."

"ఆయ్, అలాగైతే కుదిరిందండి," అని ఆయన మళ్లీ పనిలో పడ్డాడు.

కుదిరిన పని అక్కడితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. గోడ మీది మాటని రాజధానిలో పెద్దలు నమ్మారు. అన్ని కార్యాలయాలకీ శ్రమాసనాలు సరఫరా చేసేముందు, అందులో కూర్చున్న ఉద్యోగి నిద్రపోయే ప్రమాదం లేదని ఏడుగురు సభ్యుల సంఘం పరీక్షించి ధ్రువీకరించాలని ఉత్తరం రాశారు. నీలాద్రిరావుగారే అధ్యక్షులు. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. దానికి ముందు సభ్యులకి పులిహోర, గుత్తివంకాయ, గడ్డపెరుగుతో భోజనం పెట్టారు. హాల్లో ఏడు కుర్చీలు వేయించి, శాస్త్రీయంగా ఉంటుందని అన్నింటినీ మూడో గాడిలో బిగించారు. సుభాషిణి పక్కన స్టూలు మీద కూర్చుని మినిట్స్ రాయడం మొదలుపెట్టింది.

పదకొండు నిమిషాలు గడిచేసరికి హాల్లో మెలకువగా ఉన్నది ఆవిడా, గోడ మీది బల్లీ.

నాలుగున్నర దాకా ఆవిడ వాళ్లని చూస్తూ కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే కుర్చీ పోతుంది, కుర్చీతో పాటు ఆచారి పోతాడు. ఆలోచించి ఇలా రాసింది: "విషయ గాంభీర్యం దృష్ట్యా సభ్యులందరూ కన్నులు మూసుకుని సుదీర్ఘ సమాలోచన జరిపారు. ఆర్థిక సభ్యులు తమ అభిప్రాయాన్ని మధ్యమధ్య బిగ్గరగా వెలిబుచ్చారు. ఎవరూ విభేదించలేదు." లేచినవాళ్లు లేచినట్టు సంతకం పెట్టి వెళ్లారు. అందరికంటే ఆఖర్న లేచిన నీలాద్రిరావుగారు బుగ్గ మీద పడిన గుడ్డ చారలు తడుముకుంటూ చాలాసేపు కుర్చీకేసి చూశారు.

"సుభాషిణిగారూ, దీనిలో ఒక మౌలికమైన సాంకేతిక లోపం ఉంది."

"ఏంటండీ?"

"సుఖంగా ఉంది."

మర్నాడే ఆవిష్కరణల విభాగం ఏర్పాటైంది. మొదటి ఆవిష్కరణగా మూడో గాడి తీసేశారు. సుభాషిణి చేత "మూడు గాళ్ల కాలం పోయింది, రెండు గాళ్ల వేగం వచ్చింది" అని ప్రకటన రాయించారు. నెల తిరక్కుండా రెండో గాడి పోయింది. "ఏ గాడి అన్న సందేహంలో కాలం వృథా చేసుకోకండి. ఒకే గాడి, ఒకే బాట!" తర్వాత గుడ్డ తీసి చెక్క వేశారు. తల ఆనే చోట ఒక గంట కట్టారు. తల ఆనితే అది మోగేది. "మీ తల విలువ మీకు గుర్తుచేసే ఏకైక ఆసనం" అని దానికి ప్రకటన. కుర్చీ చేతులు ఏటవాలుగా చెక్కించారు, మోచెయ్యి పెడితే జారిపోయేటట్టు. కాళ్లు చాపుకునే వీలు లేకుండా ముందొక అడ్డకర్ర కొట్టించారు. ఏడో ఆవిష్కరణలో వీపు నిటారైంది. అప్పటికి అది మామూలు కుర్చీయే. ఒకప్పుడు అది వాలేదని తెలిసిన జనానికి అందులో కూర్చుంటే కడుపు మండేది.

ఎనిమిదో ఆవిష్కరణ నీలాద్రిరావుగారి స్వంతం. వీపు చెక్కని ముందుకి వంచారు. కూర్చున్నవాణ్ణి అది వెనకనుంచి నెడుతూ ఉంటుంది. "దేశంలో ప్రప్రథమంగా, ముందుకి సాగే ఆసనం!"

దానికి రాష్ట్ర స్థాయి బహుమతి వచ్చింది. బహుమతి సభలో మంత్రిగారు ముచ్చటపడి అందులో కూర్చున్నారు. కూర్చుని, జారి, వేదిక అంచున ప్రజల వైపు సాష్టాంగపడ్డారు. మంత్రిగారి వినయానికి జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి నీలాద్రిరావుగారు నలుగురికీ ఆదర్శంగా ఉండాలని తన గదిలో మెత్తటి కుర్చీ తీయించేసి, ఎనిమిదో ఆవిష్కరణ వేయించుకున్నారు. అందులోనే ఆ ఏడాది చివరిదాకా ఫైళ్లు చూశారు.

ఆచారి మాత్రం రోజురోజుకీ నల్లబడిపోయాడు.

"ఇది కుర్చీ కాదండమ్మా, కుర్చీకి పట్టిన జబ్బండి," అనేవాడు సుభాషిణితో. "చెక్క కూడా ఒప్పుకోవట్లేదండి. ఉలి పెడితే పక్కకి పోతోంది."

జనం కూడా ఒప్పుకోలేదు. ఏడాదిలో అమ్ముడైన శ్రమాసనాలు ఆరు. ఆ ఆరూ ఒక పట్టుబడని దొంగల ముఠా కేసులో అనుమానితుల్ని కూర్చోబెట్టి ప్రశ్నించడానికి పోలీసులు కొన్నారని చెప్పుకునేవారు. పాత పడక కుర్చీలు రెండొందల పన్నెండు మిగిలితే వాటిని 'నిషిద్ధ శయన సామగ్రి' అని రాసి గోడౌనులో పెట్టి తాళం వేశారు. కేటలాగు ఫొటోల పని ఎప్పుడైనా పడుతుందని తాళంచెవి సుభాషిణికి ఇచ్చారు.

సరిగ్గా అప్పుడు ఏడాది మారింది. కృషి చేసి చేసి జనానికి రక్తపోటు పెరిగిందని ఎవరో నివేదిక ఇచ్చారట. ప్రభుత్వం కొత్త ఏడాదిని 'ప్రశాంత జీవన సంవత్సరం'గా ప్రకటించింది. ఇప్పుడు వాడకూడని మాటలు శ్రమ, కృషి, వేగం. ప్రతి కార్యాలయంలోనూ విశ్రాంతికి తగిన ఏర్పాట్లు విధిగా ఉండాలి.

నీలాద్రిరావుగారు తొణకలేదు. గోడౌను తెరిపించి, పాత పడక కుర్చీ ఒకటి బయటికి తీయించి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"గడచిన ఎనిమిది ఆవిష్కరణల అనుభవ సారాన్ని మథించగా మనకి లభించిన తొమ్మిదవ ఆవిష్కరణ ఇది," అన్నారు. "నీలాద్రి విశ్రాంత్యాసనం. మీరు దీనికొక చరిత్ర రాయండి."

సుభాషిణి నలభై పేజీల 'వాలు ఆసనాల వికాస చరిత్ర' రాసింది. "ఆదిలో మానవుడు నిలబడియుండెను" అని మొదలవుతుంది. రాళ్లు, మొద్దులు, సింహాసనాలు, ఈజీచైర్లు అన్నీ దాటుకుని చరిత్ర ముప్ఫై ఎనిమిదో పేజీలో నీలాద్రిరావుగారి దగ్గరికి వస్తుంది. ముప్ఫై ఏడో పేజీలో ఆవిడ ఒక్క వాక్యం భద్రాచారి గురించి రాసింది. నీలాద్రిరావుగారు ఎర్ర పెన్సిలుతో దాని కింద గీత గీశారు.

"కార్మికుల పేర్లు చేరిస్తే చరిత్ర బరువెక్కుతుందమ్మా. తీసేయండి."

ఆవిడే తన చేత్తో కొట్టేసింది. ఆ రోజు నుంచి కేంటీనుకి వెళ్లాలంటే వర్క్‌షాపు మీంచి దగ్గర దారి వదిలేసి, ప్రహరీ పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లేది. ఆచారి ఒకసారి కిటికీలోంచి చూసి, "ఏంటండమ్మా, నడక మంచిదన్నారా డాక్టరుగారు?" అని పలకరించాడు. ఆవిడ అవునంది.

కొత్త ఆవిష్కరణని తయారుచేయడానికి పాత వడ్రంగులకి అర్హత ఉందో లేదో తేల్చాలి కదా. మూడు రోజులు శిక్షణ, నాలుగో రోజు రాతపరీక్ష పెట్టారు. తప్పినవాళ్లు ఉద్యోగం నుంచి తప్పుకోవాలి. శిక్షణకి పాఠ్యపుస్తకం సుభాషిణి రాసిన చరిత్రే. పేపర్లు దిద్దడం కూడా ఆవిడ పనే. అరవయ్యేళ్ల ఆచారి ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, తన కుర్చీ ఎలా చెయ్యాలో పాతికేళ్ల ఇంజనీరు దగ్గర విన్నాడు.

మొదటి ప్రశ్న: "పడక కుర్చీని కనిపెట్టినది ఎవరు?" జవాబుల కాగితంలో నీలాద్రిరావుగారి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ముప్ఫై ఒక్కమంది అదే రాశారు. ఆచారి పేపర్లో గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది: "అలిసినవాడు."

సుభాషిణి ఆ పేపరు పట్టుకుని, దగ్గర దారినే, వర్క్‌షాపుకి వెళ్లింది.

"ఆచారిగారూ, ఇదేంటండీ?"

"అడిగారు కదండమ్మా, రాశాను. నాకు మా నాన్న నేర్పాడండి. ఆయనకి మేనమామ నేర్పాడంట. ఆ పైన ఎవరో నాకు తెలీదు. కానీ మొట్టమొదట ఎవడో బాగా అలిసిపోయుంటాడండి. లేపోతే నిటారుగా ఉన్న కుర్చీని వెనక్కి నూకుదావని బుద్ధెందుకు పుడుతుంది చెప్పండి?"

ఆవిడ అక్కడే, ఆయన పనిబల్ల మీదే పేపరు పెట్టి పదికి పది వేసింది.

మార్కుల జాబితా చూసి నీలాద్రిరావుగారికి కోపం వస్తుందని ఆవిడ అనుకుంది. ఆయనకి వచ్చింది కోపం కాదు, కంగారు.

"ఎవరీ అలిసినవాడు? మీరు పూర్తి మార్కులు వేశారంటే మీ దగ్గర ఆధారాలు ఉండే ఉంటాయి. పేటెంటు దరఖాస్తు పంపే సమయంలో పోటీ హక్కుదారు బయల్దేరాడన్నమాట! చట్టప్రకారం విచారణ జరపాలి. బహిరంగ ప్రకటన ఇవ్వండి."

"అది మనిషి పేరు కాదండి."

"అది విచారణలో తేలుతుంది. ముందే నిర్ధారణకి రావడం పాలనా సూత్రాలకి విరుద్ధం."

సుభాషిణి తన జీవితంలో అన్నిటికంటే తేలిగ్గా రాసిన ప్రకటన అదే. "పడక కుర్చీపై హక్కు కలిగిన అలిసినవాడు ఎచటనున్ననూ ఈ నెల పదిహేడవ తేదీ ఉదయం పది గంటలకు సంస్థ ఆవరణలో స్వయముగా హాజరు కావలెను. హాజరు కాని యెడల హక్కు కోల్పోవును."

ఆ ప్రకటన పనిచేసింది. పదిహేడో తేదీ ఏడింటికే గేటు ముందు జనం మూగారు. రేవు నుంచి ఖాళీ గంపలతో చేపలమ్మే ఆడవాళ్లు వచ్చారు. డ్యూటీ దిగిన నర్సు, చొక్కా నిండా చెమట చారలున్న బస్సు కండక్టరు, హోటల్లో పిండి రుబ్బే అతను, ఓడరేవు కూలీలు, నాలుగిళ్లలో అంట్లు తోమి అటునుంచి అటే వచ్చినావిడ, ఆరు ట్యూషన్లు చెప్పే మేష్టారు, ఎవరి మానాన వాళ్లు వరసలో నిలబడ్డారు.

"అలిసినోళ్లకి కుర్చీలిత్తన్నారంట గదమ్మా?" అని ఒక చేపలావిడ సుభాషిణిని అడిగింది. "నేను పద్దెనిమిదేళ్ల కాణ్ణుంచీ అలిసే ఉన్నాను. కాయితం ఏవైనా కావాలా?"

"కాగితం అక్కర్లేదమ్మా," అంది సుభాషిణి.

పదయింది. నీలాద్రిరావుగారు రాలేదు. వరస రోడ్డు మలుపు దాటింది. ఎండ నెత్తికెక్కుతోంది. ఆచారి వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి చూసి చూసి, సుభాషిణి దగ్గరికి వచ్చాడు.

"పిలిచిన జనాన్ని ఎండలో నిలబెట్టేశారేంటండమ్మా. గోడౌను తాళం మీ దగ్గరే కదండి?"

సుభాషిణి లోపలికి వెళ్లి కొత్త సర్క్యులర్ తీసి చదువుకుంది. "కార్యాలయములకు వచ్చు ప్రజలకు తగు విశ్రాంతి కల్పించవలెను" అని నాలుగో పేరాలో స్పష్టంగా ఉంది. తాళంచెవి తీసి ఆచారి చేతిలో పెట్టింది.

ముప్ఫై ఇద్దరు వడ్రంగులూ రెండొందల పన్నెండు కుర్చీలు మోసుకొచ్చి పెద్ద షెడ్డు కింద వేశారు. దుమ్ము దులిపి, ప్రతిదాన్నీ మూడో గాడిలో ఆచారే స్వయంగా బిగించాడు. ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. ముందు అంచుమీదే కూర్చున్నారు, ఎవరైనా లెమ్మంటారేమోనని. ఎవరూ లెమ్మనలేదు. చేపలావిడ గంప పక్కన పెట్టి, వెనక్కి ఆని, "అమ్మయ్య" అంది. ఆ తర్వాత ఆవిడ కళ్లు మూతపడ్డాయి. పదకొండున్నర అయ్యేసరికి షెడ్డంతా ఒకే ఊపిరి తీస్తున్నట్టుంది.

నీలాద్రిరావుగారు ముందుకి వంగి నడుస్తూ ఫైలుతో వచ్చారు. జనాన్ని చూసి నివ్వెరపోయారు గానీ, విచారణ విచారణే. బంట్రోతు చేత కోర్టు పద్ధతిలో పిలిపించారు.

"అలిసినవాడూ... అలిసినవాడూ... అలిసినవాడూ..."

ఎవరూ పలకలేదు. బంట్రోతు గొంతు తగ్గించి, "లేపమంటారా అండి?" అన్నాడు.

"విచారణాధికారి కక్షిదారుణ్ణి తాకరాదు. సాయంత్రం అయిదు దాకా గడువు ఉంది. వేచి చూద్దాం," అన్నారు నీలాద్రిరావుగారు. ఎక్కడ వేచి చూడాలా అని చుట్టూ చూశారు. రెండో వరసలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. నడుం పట్టుకుని, మెల్లిగా, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నెలల తరబడి ముందుకి నెట్టించుకున్న వీపు గుడ్డకి తగలగానే ఆయన నోటివెంట చిన్న మూలుగు వచ్చింది. సుభాషిణికి అది ఏడుపులా వినిపించింది. కాసేపటికి ఫైలు ఒళ్లోంచి జారి కింద పడింది. ఆచారి తీసి, దుమ్ము దులిపి, ఆయన పక్కన పెట్టాడు.

మూడింటి నుంచి జనం ఒక్కొక్కరే లేవసాగారు. నర్సూ కండక్టరూ కుర్చీ ధర అడిగారు. హోటలు అతను మూడు కావాలన్నాడు. చేపలావిడ తను కూర్చున్నదే కావాలని పట్టుబట్టి, వాయిదాల మీద తీసుకుని గంపతో సహా రిక్షాలో వేయించుకుంది. అయిదు కొట్టకముందే షెడ్డు ఖాళీ అయింది. ఆఖరికి ఒక్కటే మిగిలింది. దానిలో నీలాద్రిరావుగారు ఉన్నారు.

అయిదింటికి ఆయన ఉలిక్కిపడి లేచారు.

"ఎవరైనా వచ్చారా?"

"పిలిస్తే ఎవరూ పలకలేదండి," అంది సుభాషిణి.

"అయితే రాసుకోండి. అలిసినవారెవరూ హాజరు కానందున హక్కు కొట్టివేయడమైనది. నీలాద్రిరావే ఆవిష్కర్తగా ఖరారు చేయడమైనది. భద్రాచారి జవాబు తప్పు కనుక మార్కులు రద్దు. వచ్చే సోమవారం మళ్లీ పరీక్ష రాయవలెను." చెప్పి, కుర్చీకేసి ఒకసారి చూసి, ఒక చేత్తో నడుం నొక్కుకుంటూ వెళ్లారు. ఈసారి నిటారుగా నడిచారు.

సోమవారం పొద్దున్నే సుభాషిణి వర్క్‌షాపుకి వెళ్లింది. బయట మూడొందల కుర్చీలకి ఆర్డర్లు ఉన్నాయి. ఆచారి ఇవాళ తప్పితే వాటికి గాళ్ల లెక్క కుదిర్చేవాడు లేడు.

"ఆచారిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈసారికి ఆయన పేరు రాసేయండి. మీకు అబద్ధం అనిపిస్తే ఆ పాపం నాది. ఆ చరిత్ర రాసింది నేనే కదా, మీ పేరు కొట్టేసిందీ నేనే."

ఆ సంగతి ఆయన ఆవిడ నోటివెంట వినడం అదే మొదలు. ఆచారి ఉలి పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి మొన చూసుకున్నాడు.

"దానికింత ఇదెందుకండమ్మా. రాసేస్తాను లెండి. అబద్ధవేం కాదు. మొన్న కుర్చీలో ఆయన మొహం చూశాను కదండి, ఆయనా అలిసినవాడే."